రాయి అనుకున్న ఎముక: తిమింగలాల పుర్రెల్లో పెరుగుదల చరిత్ర



మా మాస్టారి పేరున ఏటా జరిగే ఈ స్మారకోపన్యాసం ఈసారి నన్ను ఇవ్వమన్నారు. విషయం ఎంచుకోవడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు ఈ హాల్లో చాలామందే ఉన్నారు. శిలాజాన్ని చేతికిచ్చి దాని పేరేమిటని ఆయన ముందుగా అడిగేవారు కారు. ఇది ఎలా పెరిగి ఉంటుంది, ఏ వయసులో పెరిగి ఉంటుంది అని అడిగేవారు. పేరు పుస్తకంలో చూసుకోవచ్చు, పెరిగిన తీరు మాత్రం ఎముకలోనే వెతుక్కోవాలి అన్నది ఆయన పద్ధతి. ఆ పద్ధతి ఎంత దూరం తీసుకెళ్తుందో చూపించడానికి తిమింగలాల పుర్రెలను మించినది నాకు కనబడలేదు. క్షీరదాల్లో ఇంత వింతగా మారిపోయిన తల ఇంకొకటి లేదు. ముక్కు రంధ్రాలు నడినెత్తికి చేరాయి. ముఖం వెనక్కి జరిగింది. కొన్నింటి తల ఒక పక్కకి ఒరిగింది. కొన్నింటి మూతి రాయిలా గట్టిపడింది. ఈ వింతల్లో కొన్నింటిని మొదట చూసినవాళ్లు వింతలని ఒప్పుకోలేదు. ఒకదాన్ని భూమిలో పడి రాయిగా మారడం అనుకున్నారు. ఇంకొకదాన్ని మట్టి బరువుకి నలిగిపోవడం అనుకున్నారు. ఆ కథలే ఇవాళ చెబుతాను.

1804లో ఫ్రాన్స్ దక్షిణ తీరాన, ఫోస్ అనే ఊరి దగ్గర ఒక పుర్రె దొరికింది. అది జార్జ్ క్యూవియర్ దృష్టికి వచ్చింది. ఆనాటి యూరప్‌లో ఎముకల గురించి ఆయనకంటే ఎక్కువ తెలిసినవాళ్లు లేరు. మూతి భాగం మామూలు ఎముకలా లేదు. బరువుగా, నిండుగా, గట్టి రాయిలా ఉంది. ఇది ఏనాడో అంతరించిపోయిన జంతువుదని, కాలం గడిచి రాయిగా మారిందని ఆయన నిర్ణయించారు. 1823లో దానికి జిఫియస్ కావిరోస్ట్రిస్ అని పేరు పెట్టారు. తర్వాత కొన్ని దశాబ్దాలకు అదే తిమింగలం సముద్రంలో బతికే ఉందని తేలింది. క్యూవియర్ తిమింగలం అని ఇవాళ పిలిచేది దాన్నే. మనకు తెలిసిన క్షీరదాల్లో అన్నిటికంటే లోతుకు దిగేది అదే. ఒకటి 2,992 మీటర్ల లోతుకు దిగినట్టు 2014లో ప్రకటించారు. ఒకటి ఒక్క మునకలో 222 నిమిషాలు నీటి అడుగున ఉన్నట్టు 2020లో ప్రకటించారు. అంటే క్యూవియర్ చూసిన ఆ గట్టిదనం భూమి ఇచ్చింది కాదు. ప్రాణంతో ఉండగా ఆ జంతువు తనంతట తాను పెంచుకున్న ఎముక అది.

క్యూవియర్ అలా అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. ఎముక ఎంత గట్టిగా ఉండవచ్చో మనకు మన శరీరం నుంచి, మన పశువుల నుంచి ఒక అంచనా ఉంటుంది. 1979లో జాన్ కరీ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త మూడు ఎముకలు పక్కపక్కన పెట్టి కొలిచారు. జింక కొమ్ములో ఖనిజం 59 శాతం. ఆవు తొడ ఎముకలో 67 శాతం. ఫిన్ తిమింగలం చెవి ఎముకలో 86 శాతం. సాంద్రత చూస్తే ఘన సెంటీమీటరుకు వరసగా 1.86, 2.06, 2.47 గ్రాములు. కొమ్ము దెబ్బలకు తట్టుకోవాలి, అందుకే అందులో సాగే గుణమున్న కొల్లాజెన్ ఎక్కువ. తొడ ఎముక బరువు మోయాలి, అది మధ్యస్థంగా ఉంది. చెవి ఎముక బరువు మోయదు, దెబ్బ కాయదు. అందుకే అది పెళుసుగా ఉన్నా నష్టం లేదు. దాని పని శబ్దంతో. ఒకే రకం సరుకుతో, ఖనిజం పాలు మార్చి, శరీరం మూడు వేరు వేరు పనిముట్లు చేసుకుంది. ఈ అంకెలు నేను ప్రతి ఏడూ తరగతిలో బోర్డు మీద రాస్తాను. ఎముక అంటే ఒక్కటే పదార్థం అన్న భ్రమ వదలడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు.

ఆ చెవి ఎముకతోనే మన దేశానికి సంబంధించిన కథ మొదలవుతుంది. తిమింగలాల మధ్య చెవిని కప్పి గుల్లలాంటి ఎముక ఒకటి ఉంటుంది, బుల్లా అంటారు. దాని లోపలి అంచు బాగా మందంగా, నిండుగా ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బుకి ఇన్వొల్యూక్రమ్ అని పేరు. బతికున్న తిమింగలాలు, డాల్ఫిన్లు అన్నిటిలోనూ అది ఉంది. 1980ల మొదట్లో ఫిలిప్ గింగరిచ్ బృందం పాకిస్తాన్‌లో కోహట్ దగ్గర దొరికిన, సుమారు 5 కోట్ల ఏళ్ల నాటి పాకిసీటస్ పుర్రెను పరిచయం చేసింది. ముక్కు రంధ్రాలు మూతి చివర, అంటే మామూలు నేల జంతువుకి ఉన్నట్టే ఉన్నాయి. కాని చెవి గుల్లలో ఆ ఉబ్బు ఉంది. కాళ్లున్న ఆ జంతువును తిమింగలాల వంశంలో చేర్చడానికి పట్టు దొరికింది అక్కడే. తల మొత్తంలో ముందుగా నీటి వైపు తిరిగింది చెవి అని దీన్నిబట్టి మనకు తెలుస్తోంది.

ఎందుకు చెవి? గాలిలో శబ్దం సెకనుకు 340 మీటర్లు పోతే నీటిలో దాదాపు 1,500 మీటర్లు పోతుంది. అంతకంటే ముఖ్యం ఏమిటంటే, గాలిలో వచ్చిన శబ్దం మన తలకు తగిలి చాలా మటుకు వెనక్కి పోతుంది, చెవి రంధ్రంలోంచి వచ్చిందే లోపలికి చేరుతుంది. నీటిలో అలా కాదు. మాంసం, నీరు దాదాపు ఒకే తీరుగా శబ్దాన్ని పోనిస్తాయి కాబట్టి శబ్దం తల అంతటినుంచీ చొచ్చుకొస్తుంది. ఏ పక్క నుంచి వచ్చిందో తెలియదు. దిక్కు తెలియాలంటే చెవి ఎముక తక్కిన పుర్రె నుంచి విడిపోవాలి, తనకంటూ బరువు ఉండాలి. తర్వాతి తిమింగలాల్లో చెవి ఎముకల చుట్టూ నురుగు నిండిన గాలి గూళ్లు ఏర్పడ్డాయి. డాల్ఫిన్లలో పుర్రెకు వాటిని పట్టి ఉంచేది స్నాయువులు మాత్రమే అయింది. కింది దవడలో పెద్ద రంధ్రం, అందులో కొవ్వు, దాని గుండా శబ్దం చెవికి చేరడం కూడా అంచెలంచెలుగా వచ్చాయి. కచ్ శిలాజాల్లో ఆ అంచెలు కనబడతాయి. 2004లో సిర్పా నుమ్మెలా, హాన్స్ తెవిస్సెన్, సునీల్ బాజ్‌పాయ్ తదితరులు ఆ వరసను నేచర్ పత్రికలో చూపించారు.

ఇక రంగారావుగారి రాళ్ల సంగతి. ఎ. రంగారావు అనే భారతీయ భూగర్భ శాస్త్రవేత్త జమ్మూ కాశ్మీర్‌లో కాలాకోట్ దగ్గర శిలాజాలున్న రాళ్లు సేకరించారు. అందులోంచి 1971లో ఇండోహయస్ అనే చిన్న గిట్టల జంతువును పరిచయం చేశారు. అది చేరిన కుటుంబానికి రావెలిడే అని పేరు. అందులో ఆయన పేరే ఉంది. అయితే చాలా రాళ్లు విప్పకుండానే మిగిలిపోయాయి. ఆయన పోయిన తర్వాత ఆయన భార్య ఫ్రీడ్‌లిండే ఓబర్‌గ్‌ఫెల్ వాటిని జాగ్రత్తగా కాపాడారు. చివరికి తెవిస్సెన్‌కు అప్పగించారు. ఆ రాళ్లలో పని చేస్తుండగా ఒక పుర్రె చెవి భాగం పొరపాటున విరిగింది. విరిగిన చోట లోపలి అంచు మందంగా ఉబ్బి కనబడింది. అదే ఇన్వొల్యూక్రమ్. అప్పటిదాకా తిమింగలాలకు మాత్రమే సొంతం అనుకున్న గుర్తు, పిల్లికంటే పెద్దగా పెరగని, గిట్టలున్న ఒక జంతువులో ఉంది. 2007 డిసెంబరులో ఆ వ్యాసం నేచర్‌లో వచ్చింది. కాళ్ల ఎముకల బయటి గోడలు కూడా మందంగా ఉన్నాయి, నీటిలో నడిచే జంతువులకు ఉన్నట్టు. పళ్లలోని ఆక్సిజన్ కూడా నీటి బతుకునే చెప్పింది. తిమింగలాలకు అతి దగ్గరి నేల బంధువు మన దేశపు మట్టిలోంచి వచ్చింది. ఒక మనిషి ఏరిన రాళ్లు మూడు దశాబ్దాలకు పైగా ఆగి, ఒక భార్య కాపాడబట్టి మాట్లాడగలిగాయి. ఈ సభలో ఆమెను తలచుకోవడం నా బాధ్యత అనుకుంటున్నాను.

చెవి నుంచి ముఖానికి వద్దాం. 1923లో గెరిట్ మిల్లర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త స్మిత్సోనియన్ సంస్థ ప్రచురణలో తిమింగలం పుర్రె మీద ఒక పెద్ద వ్యాసం రాశారు. ముఖం ఎముకలు వెనక్కి, వెనక తల ఎముకలు ముందుకి జరిగి ఒకదాన్ని ఒకటి కప్పుకోవడానికి టెలిస్కోపింగ్ అని పేరు స్థిరపడింది ఆ వ్యాసంతోనే. మనిషి పుర్రెలో ఎముకలు అంచుకి అంచు ఆనుకుని కుట్టు వేసినట్టు కలుస్తాయి. తిమింగలంలో అవి ఇంటి పెంకుల్లా ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతాయి. పళ్ల తిమింగలాల్లో పై దవడ ఎముక వెనక్కి సాగి నుదుటి ఎముకను పైనుంచి కప్పేస్తుంది. డాల్ఫిన్ పుర్రె చేతిలో పట్టుకుని కంటి గూడు పైభాగం చూస్తే, రెండు ఎముకలు పొరలుగా ఉండడం కనబడుతుంది. నోట్లో పళ్లకు బదులు జల్లెడ ఉన్న జల్లెడ తిమింగలాల్లో పై దవడ ఎముకలో ఎక్కువ భాగం నుదుటి ఎముక కిందికి పోతుంది, వెనక తల ఎముక ముందుకి ఎగబాకుతుంది. ఫలితం రెండింటిలోనూ ఒకటే, ముక్కు నెత్తికి చేరింది. దారి మాత్రం రెండు వంశాలకూ వేరు.

ఈ తేడా నాకు ఎప్పుడూ ముఖ్యంగా తోస్తుంది. ఫలితాన్ని మాత్రమే చూసేవాళ్లు తిమింగలాలన్నిటినీ ఒకే గాటన కడతారు. ఎముక జరిగిన తీరు చూస్తే రెండు వంశాలూ విడివిడిగా కదిలాయని తెలుస్తుంది. అమెరికాలో దక్షిణ కెరొలినాలో దొరికిన జెనోరోఫస్‌ను రెమింగ్టన్ కెల్లాగ్ 1923లోనే పరిచయం చేశారు. అది పళ్ల తిమింగలమే అయినా, కంటి పైభాగాన్ని కప్పడంలో దాని కన్నీటి ఎముక కూడా పెద్దదై పాలు పంచుకుంది. అంటే పళ్ల తిమింగలాల్లోనే ఇంకో రకం ప్రయత్నం ఒకటి జరిగి, ఆగిపోయింది. కచ్‌లో హరూడి దగ్గర దొరికిన తొలి తిమింగలాల్లో ఒకదానికి 1986లో కుమార్, సాహ్నీ రెమింగ్టనోసీటస్ అని పేరు పెట్టింది ఈ కెల్లాగ్ గౌరవార్థమే.

వెనక్కి జరిగిన ముఖం మళ్లీ ముందుకు రాదని మాత్రం అనుకోకండి. పెరూ తీరంలో దొరికిన ఓడొబెనోసీటాప్స్‌ను క్రిస్టియాన్ ద మ్యుయిజోన్ 1993లో పరిచయం చేశారు. అది నార్వాల్ తిమింగలాలకు బంధువు. కాని తల చూస్తే వాల్రస్‌లా ఉంటుంది. పొడుగు మూతి పోయి మొండి మూతి మిగిలింది. పై దవడ ఎముకలు నుదుటి మీద నుంచి వెనకడుగు వేశాయి. ముందు దవడ ఎముకలు కిందికి పెరిగి దంతాలకు ఒరలయ్యాయి. ఒక జాతిలో కుడి దంతం మీటరుకు పైగా పొడవు, ఎడమది పావు మీటరంత. లక్షల తరాలు పట్టి కుదిరిన పుర్రె అమరికను ఇంకో తిండి కోసం, ఇంకో బతుకు కోసం ఒక జంతువు విప్పేసింది. సముద్రం అడుగున మట్టిలో గుల్లచేపల్ని వెతుక్కునే జీవితానికి ఆ తల సరిపోతుందని మ్యుయిజోన్ వాదన. నాకు అది ఒప్పుకోదగ్గదిగానే కనబడుతుంది.

ఇక ఒరిగిన తల సంగతి. ఇక్కడ శాస్త్రం రెండుసార్లు మలుపు తిరిగింది, అందుకే కొంచెం నిదానంగా చెబుతాను. డాల్ఫిన్ పుర్రెను పైనుంచి చూస్తే ముక్కు రంధ్రాల చుట్టూ ఎముకలు సమానంగా ఉండవు. కుడి పక్క ఎముకలు పెద్దవి, మధ్య గీత ఎడమకి వంగి ఉంటుంది. స్పెర్మ్ వేల్‌లో, నార్వాల్‌లో ఇది మరీ ఎక్కువ. శబ్దం పుట్టించే మెత్తటి భాగాలు ముక్కు దారిలో ఉన్నాయి, వాటిలో కుడివి పెద్దవి. ప్రతిధ్వని విని వేటను కనిపెట్టే విద్యకు ఈ ఒరుగుతో సంబంధం ఉందని చాలాకాలంగా అనుకుంటున్నాం.

అయితే ప్రతిధ్వని విద్య లేని పాత తిమింగలాల పుర్రెలు కూడా వంకరగానే దొరికేవి. మట్టి బరువుకి నలిగాయి అనుకుని వదిలేసేవారు. జూలియా ఫాల్కే అనే శాస్త్రవేత్త బసిలోసారస్ అనే అలాంటి పాత తిమింగలం పుర్రెను కంప్యూటర్‌లో సరిచేయబోతూ ఆగారు. వేరే పుర్రెలు తీసి చూశారు. ఆరు పుర్రెల్లోనూ వంకర ఒకే వైపుకి ఉంది. మట్టి నలిపితే ఒకటి అటు, ఒకటి ఇటు నలగాలి. అన్నీ ఒకే వైపు ఒరిగాయంటే అది పెరుగుదలే కావాలి. 2011లో ఫాల్కే, గింగరిచ్ తదితరులు ఈ వాదన ప్రచురించారు. నీటిలో శబ్దం ఏ దిక్కునుంచి వస్తోందో తెలుసుకోవడానికి ఆ ఒరుగు పనికొచ్చి ఉంటుందన్నారు. ఎంత చక్కని తర్కమో చూడండి. నేను చాలా ఏళ్లు అలాగే బోధించాను.

2020లో ఎలెన్ కూమ్స్, అంజలి గోస్వామి తదితరులు బతికున్నవి, శిలాజాలు కలిపి 162 పుర్రెల్ని త్రిమితీయంగా కొలిచారు. పాత తిమింగలాల మూతిలో ఒరుగు నిజంగానే ఎక్కువని, కాని ఇవాళ్టి తిమింగలాల తొలి పూర్వీకుల్లో అది పోయిందని వాళ్ల లెక్కల్లో తేలింది. జల్లెడ తిమింగలాల వంశంలోనూ లేదు. పళ్ల తిమింగలాల్లో మాత్రం ముక్కు చుట్టూ ఒరుగు సుమారు 3 కోట్ల ఏళ్ల కిందట మొదలై పెరుగుతూ వచ్చింది. పళ్ల తిమింగలాల ఒరుగు పాతవాటి నుంచి నేరుగా వచ్చింది కాదనే వైపు ఇప్పుడు నా మొగ్గు, ఎందుకంటే పోల్చుకోవడానికి రెండో వ్యాసం దగ్గర పుర్రెలు చాలా ఎక్కువ ఉన్నాయి. కాని మొదటిది వృథా కాలేదు. నలిగింది అని చెత్తబుట్టలో వేసిన లక్షణాన్ని కొలవాల్సిన లక్షణంగా మార్చింది ఫాల్కే వ్యాసమే. అది లేకపోతే 162 పుర్రెలు కొలవాలన్న ఆలోచన ఇంత గట్టిగా వచ్చేదని నేను అనుకోను.

ఇప్పుడు మళ్లీ గట్టి మూతి దగ్గరికి వస్తాను. ఇవాళ్టి ఉపన్యాసానికి ఇదే గుండెకాయ.

క్యూవియర్ తిమింగలం ఏ కుటుంబానికి చెందిందో ఆ కుటుంబాన్ని ముక్కు తిమింగలాలు అందాం. పక్షి ముక్కులా సాగిన మూతి, పళ్లు దాదాపు లేకపోవడం, లోతుల్లో తిరగడం వాటి తీరు. అందులో మెసోప్లొడాన్ డెన్సిరోస్ట్రిస్ అనేది ఒకటి. 1817లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త బ్లెన్‌విల్ చేతికి వచ్చింది దాని దవడ ముక్క మాత్రమే. గట్టిదనం చూసి ఆ పేరు పెట్టారు. ఇప్పటిదాకా కొలిచిన ఎముకలన్నిటిలో దాని మూతి ఎముకే అత్యంత సాంద్రమైనది. ఘన సెంటీమీటరుకు 2.6 గ్రాములు దాటుతుంది. చెవి ఎముకను కూడా మించింది.

ఇది ఎలా జరుగుతుంది? ఇక్కడ ఎముకను పలచగా కోసి సూక్ష్మదర్శిని కింద చూడాల్సిందే. మామూలు ఎముకలో పాత భాగాన్ని కొన్ని కణాలు తినేస్తాయి, ఇంకొన్ని కణాలు రక్తనాళం చుట్టూ కొత్త ఎముకను వలయాలుగా పోస్తాయి. ఆ గొట్టాలను ఆస్టియాన్లు అంటాం. కొత్తగా పోసిన చోట ఖనిజం చుట్టుపక్కల కంటే తక్కువ ఉండడం మామూలు. మెసోప్లొడాన్ మూతిలో ఇది తల్లకిందులైంది. కొత్త ఆస్టియాన్లే ఎక్కువ ఖనిజంతో నిండాయి. కొల్లాజెన్ పోగులు పలచబడి సన్నని గొట్టాల వలలా మిగిలాయి. మధ్యలోని నాళాలు దాదాపు పూడిపోయాయి. వివియన్ ద బఫ్రెనిల్, లూయీస్ జిల్బెర్‌బెర్గ్ వంటి ఫ్రెంచి శాస్త్రవేత్తలు 1990లలో ఈ కోతలు చేసి చూపించారు. అదే దశాబ్దంలో బలం కూడా పరీక్షించారు. ఆ ఎముక చాలా బిగువైనది, కాని పెళుసు. గట్టిగా తగిలితే పగుళ్లు తేలిగ్గా పాకుతాయి.

పెళుసు అని తేలగానే ఒక పాత ఊహ ఇబ్బందిలో పడింది. మగ మెసోప్లొడాన్ల ఒంటి మీద పళ్ల గీతలు నిలువునా ఉంటాయి. అవి ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. కాబట్టి మూతి గట్టిదనం పోట్లాట కోసమే అనుకోవడం సహజం. కాని పోట్లాటకు పనికొచ్చే ఎముక జింక కొమ్ములా ఉండాలి, చెవి ఎముకలా కాదు. ఇంకొందరు అది లోతుకు దిగడానికి బరువు అన్నారు. ఇంకొందరు శబ్దాన్ని నడిపించడానికి అన్నారు. ఒక్కొక్క ఊహకూ ఒక్కొక్క అడ్డు ఉంది.

నేను మొదట చెప్పిన మాస్టారి ప్రశ్న ఇక్కడే పనికొస్తుంది. ఏ వయసులో పెరిగింది? తిమింగలం చెవి ఎముకలు కడుపులో ఉండగానే గట్టిపడతాయి, పుట్టేనాటికే దాదాపు పెద్ద సైజుకి చేరతాయి. పిల్ల పుట్టిన క్షణం నుంచీ వినాలి కాబట్టి అది సరే. ముక్కు తిమింగలం మూతి అలా కాదు. పిల్లలో మూతి మధ్య ఒక పొడుగాటి గాడి ఉంటుంది, అందులో మృదులాస్థి ఉంటుంది. క్యూవియర్ తిమింగలంలో వయసు వచ్చిన మగవాటిలో వోమర్ అనే ఎముక కిందనుంచి పైకి పెరిగి ఆ గాడిని పూడ్చేస్తుంది. ఆడవాటిలో అలా జరగదు. సాంద్రత ఒకే తీరుగా ఉన్న రెండు ఎముకల్లో ఒకటి పిండంలో, రెండోది పెద్ద వయసులో, అదీ మగవాటిలో వచ్చింది. లోతుకు దిగడం ఆడవాటికీ అవసరమే, వినడమూ అవసరమే. కాబట్టి ఈ మూతి ఎముకకు జత వెతుక్కోవడంతో ఏదో సంబంధం ఉందని నా నమ్మకం.

2014లో పావెల్ గోల్డిన్ అనే ఉక్రెయిన్ శాస్త్రవేత్త ఒక సాహసమైన ఆలోచన ముందుకు తెచ్చారు. జింక కొమ్ములు బయట ఉంటాయి, వెలుతురులో కనబడతాయి. చీకటి లోతుల్లో బతికే జంతువుకు కొమ్ములు బయట ఉండి లాభమేమిటి? ముక్కు తిమింగలాలు శబ్దం పంపి ప్రతిధ్వనితో చూస్తాయి. మెత్తటి మాంసం శబ్దాన్ని పోనిస్తుంది, దట్టమైన ఎముక తిప్పికొడుతుంది. కాబట్టి ఎదుటి తిమింగలానికి చర్మం కింది ఎముక రూపమే కనబడుతుంది. ఇవి లోపలి కొమ్ములు అని గోల్డిన్ అన్నారు. బతికున్న తిమింగలాల మీద దీన్ని పరీక్షించడం కష్టం. అయినా ఎముక పెరిగే వయసు, మగ ఆడ తేడా, పెళుసుతనం, ఈ మూడింటినీ ఒక్కచోట కలిపే ఊహ ఇదొక్కటే. అందుకే నేను దీని పక్షం.

శిలాజాలు దీనికి ఏం చేరుస్తాయి? చాలా చేరుస్తాయి. దక్షిణాఫ్రికా దగ్గర సముద్రం అడుగున వలలు ఈడ్చే ట్రాలర్లకు, వందల మీటర్ల లోతు నుంచి, రాళ్లతో పాటు గట్టిపడ్డ మూతులు దొరుకుతూ వచ్చాయి. జొవాన్ని బియానూచి, ఒలివియే లాంబెర్, క్లాస్ పోస్ట్ 2007లో వాటిని చదివి 10 కొత్త జాతుల్ని పరిచయం చేశారు. 2013లో స్పెయిన్, పోర్చుగల్ తీరాల నుంచి జాలర్లు తెచ్చిన పుర్రెల మీద ఇంకో పెద్ద వ్యాసం వచ్చింది. అందులో గ్లొబిసీటస్ హిబేరస్ అనే జంతువు పుర్రె చూస్తే ఎవరైనా ఆగిపోతారు. మూతి మొదట్లో, ముక్కు రంధ్రాలకు ముందు, దట్టమైన ఎముక పెద్ద బంతిలా ఉబికి ఉంది. బతికున్న ఏ ముక్కు తిమింగలంలోనూ అలాంటిది లేదు. అది కంతి కాదు, రోగం కాదు. ఆ జాతి తల పెరిగే తీరే అది.

అన్నిటికంటే నన్ను కదిలించింది 2011లో లాంబెర్, బఫ్రెనిల్, మ్యుయిజోన్ చేసిన పని. బెల్జియంలో ఆంట్వెర్ప్ దగ్గర దొరికిన పాత మూతులు కోసి చూశారు. మెసోప్లొడాన్‌లో, జిఫియస్‌లో గాడిని పూడ్చింది వోమర్. అపొరొటస్, కొనెజిఫియస్ అనే అంతరించిన జంతువుల్లో గట్టిపడింది ముందు దవడ ఎముకలు. లోపలి అల్లిక కూడా ఒకటి కాదు. అంటే ఈ కుటుంబంలో గట్టి మూతి ఒక్కసారి పుట్టి అందరికీ వారసత్వంగా రాలేదు. వేరు వేరు ఎముకలు, వేరు వేరు పద్ధతుల్లో, మళ్లీ మళ్లీ అదే గమ్యానికి చేరాయి. ఇన్నిసార్లు ఒకే చోటికి రావడం యాదృచ్ఛికం కాదు. అక్కడ ఏదో గట్టి ప్రయోజనం ఉండాలి. బయటి రూపం మాత్రమే చూసి ఉంటే ఈ సంగతి ఎప్పటికీ బయటపడేది కాదు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. సముద్రం అడుగున లక్షల ఏళ్లు నిలిచేది గట్టి మూతే. పలచటి ఎముకలున్న జాతులు, పిల్లలు, బహుశా చాలా మటుకు ఆడవి అరిగిపోయి ఉంటాయి. వలకు చిక్కిన వాటిని బట్టి ఆనాటి సముద్రంలో అన్నీ గట్టి మూతులే అనుకోకూడదు. దీనికి సరిదిద్దుబాటు పెరూలో దొరికింది. సెర్రో కొలొరాడో అనే చోట మెస్సాపిసీటస్ గ్రిగారియస్ అనే పొడుగు మూతి జంతువులు చాలా పుర్రెలతో సహా ఒకేచోట దొరికాయి. వాటిలో ఒకదానితో పాటు సార్డీన్ లాంటి చేపల అవశేషాలు ఉన్నట్టు 2015లో ప్రకటించారు. ఆ చేపలు పై నీటిలో తిరిగేవి. అంటే తొలి ముక్కు తిమింగలాల్లో కొన్ని లోతుకు దిగేవి కావు. లోతు కోసమే మూతి గట్టిపడింది అనేవాళ్లు ఈ శిలాజాన్ని పక్కన పెట్టి మాట్లాడలేరు.

ఇక విద్యార్థులకు, అధ్యాపకులకు నా మనవి. కచ్ నుంచి, సుబాథూ నుంచి, కాలాకోట్ నుంచి మన వాళ్లు ఏళ్ల తరబడి రాళ్లు తెచ్చారు. అలా తెచ్చిన రాళ్లు మీ విభాగం గదుల్లో పెట్టెల్లో ఉంటే తెరవండి. ప్రతి రాయికి ఎక్కడ దొరికింది, ఎవరు తెచ్చారు అన్న చీటీ ఉందో లేదో చూడండి. చీటీ లేకపోతే, తెచ్చిన పెద్దలు ఇంకా ఉండగానే అడిగి రాయండి. రాయి నుంచి ఎముకను విడదీసే పని చేతికి పట్టుబడడానికి ఏళ్లు పడుతుంది. ఆ పని నేర్చినవాడికి మన విశ్వవిద్యాలయాల్లో ఉద్యోగం ఉండాలి. ఎముకను పలచగా కోయడానికి, స్కాన్ తీయడానికి పరికరం ఒకటి ఉన్నా చాలు, చుట్టుపక్కల నాలుగు విభాగాలు పంచుకోవచ్చు.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం ట్రాలర్ల మీద పనిచేసే అన్నదమ్ములకు కూడా ఈ మాట చేర్చండి. వలలో బరువైన, ఎముక రూపమున్న రాయి పడితే తిరిగి నీళ్లలో వేయకుండా, ఏ లోతులో పడిందో గుర్తుపెట్టుకుని, దగ్గరలోని కాలేజీ భూగర్భశాస్త్ర విభాగానికి చూపించమనండి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఇటీవలి తిమింగలం ఎముకలైతే అటవీ శాఖకు చెప్పాలి. వన్యప్రాణి చట్టం ప్రకారం వాటిని ఇంట్లో ఉంచుకోకూడదు. దక్షిణాఫ్రికాలోనూ, స్పెయిన్‌లోనూ ఆ మూతులు పండితుల కంటే ముందు జాలర్ల చేతికే వచ్చాయి.